పురాతన కెల్టిక్ కత్తి నకలు కొనాలంటే: ఎంపిక నుంచి గోడకు తగిలించేదాకా

ఆన్‌లైన్‌లో 'కెల్టిక్ స్వోర్డ్' అని వెతకండి. పేజీలకు పేజీలు కత్తులు వస్తాయి. అలుగు (కత్తి కోసే రేకు) నిండా మెలికల అల్లికలు, పిడి చివర డ్రాగన్ తల, రెండు చేతులతో పట్టుకునేంత పొడుగు పిడి. వీటిలో చాలావాటికీ కెల్టులకూ, అంటే రోమన్ల కన్నా ముందు నుంచి యూరప్‌లో చాలా చోట్ల ఉన్న తెగలకూ, ఏ సంబంధమూ లేదు. చూడటానికి బాగుందని కొనుక్కుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. పురాతన కత్తికి నకలు అని నమ్మి, ఆ ధర పెట్టి కొంటేనే చిక్కు.

అందుకే ఈ మార్గదర్శి అంతా ఒకే ప్రశ్న పట్టుకుని నడుస్తుంది: మీరు కొనబోయేది ఏ తవ్వకంలో దొరికిన ఏ కత్తికి నకలు? అమ్మేవాడు దీనికి జవాబు చెప్పగలిగితే బేరం మొదలుపెట్టొచ్చు. చెప్పలేకపోతే దాన్ని ఇంటి అలంకరణ సామాను ధరకే కొనండి.

మొదటి అడుగు: ఏ కాలమో తేల్చుకోండి

కెల్టిక్ కత్తి అనేది ఒకే రకం వస్తువు కాదు. దాదాపు ఎనిమిది వందల ఏళ్లలో దాని రూపం చాలాసార్లు మారింది. కొనేవాళ్లకు పనికొచ్చే విభజన మూడు ముక్కల్లో చెప్పుకోవచ్చు.

మొదటిది హాల్‌స్టాట్ కాలం, సుమారు క్రీ.పూ. 800 నుంచి 450 వరకు. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అనే ఊరి ఉప్పు గనుల పక్కన ఉన్న శ్మశానాన్ని యోహాన్ గియోర్గ్ రాంసావర్ అనే గని అధికారి 1846 నుంచి 1863 దాకా తవ్వించాడు. దాదాపు 980 సమాధులు బయటపడ్డాయి. వాటిని నీటిరంగుల బొమ్మలుగా వేయించడం వల్ల ఏ కత్తి ఏ సమాధిలో ఎలా ఉందో ఇప్పటికీ చూడగలుగుతున్నాం. ఈ కాలపు తొలి కత్తులు పొడుగ్గా ఉంటాయి. అలుగు మధ్యలో కాస్త వెడల్పై, మొన వైపు మళ్లీ సన్నబడుతుంది. కంచువీ ఉన్నాయి, ఇనుపవీ ఉన్నాయి. పిడి చివరి గుబ్బ పెద్ద అంచు టోపీలా ఉంటుంది. ఏనుగు దంతంతో గుబ్బ చేసి అందులో అంబర్ (గట్టిపడిన పురాతన చెట్టు బంక) పొదిగిన కత్తి ఒకటి హాల్‌స్టాట్‌లోనే దొరికింది. ఈ కాలం చివరికి వచ్చేసరికి పొడుగు కత్తులు తగ్గి, పిడి చివర రెండు కొమ్ముల్లాంటి తీగలున్న పొట్టి బాకులు వచ్చాయి. జర్మనీలో ష్టుట్‌గార్ట్ దగ్గర హోఖ్‌డోర్ఫ్‌లో 1978-79లో తవ్విన సమాధిలో అలాంటి బాకే ఉంది. అంత్యక్రియల కోసం దానికి బంగారు రేకు తొడిగారు.

రెండోది లా టెన్ కాలం, క్రీ.పూ. 450 నుంచి, కెల్టులుండే గాల్ దేశాన్ని (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) రోమన్లు ఆక్రమించేదాకా. స్విట్జర్లాండ్‌లో న్యూషాటెల్ సరస్సు ఒడ్డున ఉన్న చోటు పేరే ఈ కాలానికి పెట్టారు. 1857లో నీళ్లు తగ్గినప్పుడు అక్కడ ఆయుధాలు బయటపడ్డాయి. తర్వాతి తవ్వకాలతో కలిపి 160కి పైగా కత్తులు దొరికాయి, చాలావాటికి ఒరలూ ఉన్నాయి. కెల్టిక్ కత్తి అనగానే సేకర్తల మనసులో మెదిలేది ఈ రకమే. రెండు వైపులా అంచున్న నిటారు ఇనుప అలుగు, ఒంటిచేతి పిడి, పిడికీ అలుక్కీ మధ్య గంట ఆకారంలో వంగిన చిన్న అడ్డు. ఒర నోరు కూడా అదే వంపులో ఉండి, కత్తి దించగానే రెండూ అతుక్కుపోతాయి. తొలి రోజుల్లో అలుగు 55 నుంచి 65 సెంటీమీటర్లు, మొన కోసుగా ఉండేది. చివరి శతాబ్దానికి 80, 90 సెంటీమీటర్లకు పెరిగింది. మొన గుండ్రంగా మారింది, అంటే పొడవడం పోయి నరకడమే పనైంది.

మూడోది బ్రిటన్, ఐర్లండ్ కత్తులు. కాలం లా టెన్‌దే గానీ చేతిపని స్థానికం. ఇవి పొట్టివి, అలంకారం ఎక్కువ. నన్నడిగితే గోడ మీద పెట్టుకోడానికి వీటిని మించినవి లేవు.

రెండో అడుగు: ఒక అసలు కత్తిని ఎంచుకోండి

కాలం తేలాక, ఆ కాలపు నిజమైన కత్తి ఒకదాన్ని పట్టుకోండి. బ్రిటిష్ మ్యూజియం సేకరణలో చాలా భాగం ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు, చాలావాటికి ఫొటోలు, కొలతలు కూడా ఉంటాయి. న్యూషాటెల్ పక్కన ఉన్న లాటెనియం మ్యూజియం, డబ్లిన్‌లోని ఐర్లండ్ జాతీయ మ్యూజియం కూడా ఈ పనికి మంచి చోట్లు. యూరప్‌లో ఉన్న తెలుగువాళ్లు వీలైతే వెళ్లి చూడండి. అలుగు ఎంత సన్నగా ఉంటుందో ఫొటోలో తెలియదు.

మొదటిసారి కొనేవాళ్లకు నా సిఫార్సు కిర్క్‌బర్న్ కత్తి. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ యార్క్‌షైర్‌లో 1987లో ఒక యువకుడి సమాధిలో దొరికింది. శవం ఛాతీలో మూడు బల్లేలు దిగి ఉన్నాయి. కత్తి క్రీ.పూ. 300-200 మధ్యది, మొత్తం పొడవు సుమారు 70 సెంటీమీటర్లు. ఇనుము, కంచు, కొమ్ము కలిపి 37 ముక్కలతో పిడి ఒక్కటే కట్టారు. ఒరతో కలిపితే ముక్కలు 70 దాటతాయి. మధ్యమధ్య ఎర్ర గాజు పొదిగారు. ఒర ముందు రేకు కంచు, వెనక రేకు ఇనుము, ముందు వైపు తీగెలు పాకినట్టు చెక్కడం. ఒరను ఒకసారి బాగుచేసిన గుర్తులు కూడా ఉన్నాయి, అంటే నిజంగా వాడిన కత్తే. దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, పిడి దాదాపు పూర్తిగా మిగిలిన అరుదైన కత్తుల్లో ఇదొకటి. మిగతా చాలావాటిలో చెక్క, కొమ్ము, ఎముక భాగాలు ఎప్పుడో కుళ్లిపోయి సన్నటి ఇనుప తోక (అలుగులోంచి పిడి లోపలికి దూరే భాగం) మాత్రమే మిగిలింది. కాబట్టి మీరు చూసే లా టెన్ నకళ్లలో పిడి చాలావరకు తయారీదారుడి ఊహ. మంచి తయారీదారులు ఆ మాట దాచరు.

మనిషి ఆకారం పిడి ఇంకో మంచి ఎంపిక. రెండు చేతులు పైకెత్తి, రెండు కాళ్లు కిందికి చాపిన మనిషిలా కంచుతో పోసిన పిడి, నడుమ మనం పట్టుకునే చోటు, పైన తల. ఐర్లండ్‌లో బాలీషానన్ అఖాతంలో దొరికింది ఒకటి, ఫ్రాన్స్, ఇంగ్లండ్‌లలో దొరికినవి మరికొన్ని. పిడి లోహంతో చేసింది కాబట్టి రూపం చెక్కుచెదరలేదు, ఊహకు చోటు తక్కువ. ఇవి ఎక్కువగా పొట్టి కత్తులు, అపార్ట్‌మెంట్ గోడకు సరిపోతాయి.

మ్యూజియం ఫొటోల్లో కొన్ని కత్తులు మడిచేసినట్టు వంగి ఉంటాయి, చూసి కంగారు పడొద్దు. దేవతలకు సమర్పించేటప్పుడో, చనిపోయినవాడితో పూడ్చేటప్పుడో కత్తిని కావాలని వంచేవాళ్లు. ఫ్రాన్స్‌లో గూర్నే-సుర్-అరోండ్ అనే చోట గుడి కందకంలో ఇలా పాడుచేసిన ఆయుధాలు కుప్పలుగా దొరికాయి.

మూడో అడుగు: అల్లిక చూసి మోసపోకండి

నకళ్ల మార్కెట్లో అన్నిటికన్నా ఎక్కువ కనిపించే తప్పు ఇది, అందుకే కాస్త ఆగి చెబుతున్నా. ఒకదాని కింద ఒకటి దూరుతూ ఎక్కడా తెగని తాళ్ల అల్లిక ఇప్పుడు కెల్టిక్ డిజైన్‌గా ప్రపంచమంతా తెలుసు. అది వికసించింది క్రీ.శ. 7 నుంచి 9 శతాబ్దాల మధ్య, బ్రిటన్, ఐర్లండ్ క్రైస్తవ మఠాల్లో, రాతప్రతుల మీద, రాతి శిలువల మీద. లా టెన్ కమ్మరికీ ఆ సన్యాసులకూ మధ్య వందల ఏళ్ల దూరం ఉంది. క్రీ.పూ. 300 నాటి కత్తి అని చెప్పి అలుగు మీద ఆ అల్లిక చెక్కారంటే, తయారీదారుడు అసలు కత్తిని చూడలేదన్నమాట.

మరి నిజమైన కెల్టిక్ అలంకారం ఎలా ఉంటుంది? తీగెలా మెలి తిరిగే వంపులు, గ్రీకుల నుంచి తెచ్చుకుని మార్చేసిన ఆకుల మోటిఫ్‌లు, మధ్య బిందువు నుంచి మూడు వైపులా తిరిగే సుడులు. ఎడమా కుడీ సరిగ్గా ఒకేలా ఉండకపోవడం వీటి అందం. ఇంకో సంగతి, ఈ అలంకారం ఎక్కువగా ఒర మీద ఉంటుంది, అలుగు మీద కాదు. ఒర నోటి దగ్గర ఎదురెదురుగా నిలబడ్డ రెండు డ్రాగన్ల బొమ్మ యూరప్ అంతటా చాలా ఒరల మీద కనిపిస్తుంది. ఉత్తర ఐర్లండ్‌లోని లిస్నక్రోగర్ ఒరల మీద అయితే పైనుంచి కిందిదాకా సన్నటి చెక్కడమే. కాబట్టి ఒర మీద జంట డ్రాగన్లు ఉంటే నమ్మొచ్చు, పిడి మీద కోరలు తెరిచిన డ్రాగన్ తల ఉంటే వదిలేయొచ్చు.

అలుగు మీద గుర్తులు అసలు లేవని కాదు. కమ్మరి ముద్రలు కొన్నిటి మీద ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లో పోర్ట్ అనే ఊరి దగ్గర దొరికిన చివరి లా టెన్ కత్తి మీద గ్రీకు అక్షరాల్లో 'కొరిసియోస్' అనే పేరు ఉంది. ఆ ముద్ర ఉన్న నకలు దొరికితే నేనైతే ఇంకేమీ అడగకుండా కొంటాను.

నాలుగో అడుగు: అలుగు, తోక, బరువు

అలంకార నకళ్లు ఎక్కువగా 420 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో వస్తాయి. తుప్పు తక్కువ, మెరుపు ఎక్కువ, ధర తక్కువ. గోడకే అయితే చాలు. కానీ వీటిలో చాలావాటి పిడి లోపల సన్నటి కడ్డీని వెల్డింగ్‌తో అతికించి ఉంటారు. సరదాకి గాల్లో ఊపితే అలుగు ఊడి ఎగిరిపోవచ్చు. పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. 1060 లాంటి హై కార్బన్ స్టీలు, ఈఎన్45 అనే స్ప్రింగ్ స్టీలుతో చేసినవి గట్టివి. అలుగూ తోకా ఒకే ముక్క, తోక చివర గుబ్బ పైన సుత్తితో కొట్టి బిగిస్తారు. ధర ఎక్కువ, తుప్పుతో గొడవా ఎక్కువ.

అసలు కత్తుల లోహం గురించి పాలిబియస్ అనే గ్రీకు చరిత్రకారుడు ఒక విచిత్రమైన మాట రాశాడు. క్రీ.పూ. 223లో ఇటలీలో రోమన్లతో యుద్ధంలో గాల్ వీరుల కత్తులు మొదటి దెబ్బకే వంగిపోయేవట, నేలకు ఆనించి కాలితో తొక్కి సరిచేసుకోవాల్సి వచ్చేదట. ప్రయోగశాలల్లో పరీక్షిస్తే ఫలితం కలగాపులగంగా వచ్చింది. కొన్ని నిజంగానే మెత్తటి ఇనుము, కొన్నిటికి అంచు దగ్గర మంచి ఉక్కు. ఏదైనా ఇవాళ్టి స్ప్రింగ్ స్టీలు వాటికన్నా నిలకడైనదే, కాబట్టి 'పురాతన పద్ధతి ఉక్కు' అనే మాటకు అదనంగా డబ్బులివ్వకండి. నీటి అలల్లాంటి గీతలతో మెరిసే 'డమాస్కస్' అలుగులకైతే అసలే వద్దు.

బరువు తప్పకుండా అడగండి. ఒంటిచేతి లా టెన్ కత్తి మామూలుగా కిలో అటూ ఇటూ. రెండు కిలోల నకలు వస్తోందంటే అలుగు మొద్దుగా, మందంగా పోసేశారని అర్థం, ఫొటోలో ఎంత అందంగా ఉన్నా సరే.

ఐదో అడుగు: అమ్మేవాడిని ఏం అడగాలి

ఏ మ్యూజియంలోని ఏ కత్తికి నకలు, అలుగు పొడవు, మొత్తం పొడవు, బరువు, స్టీలు రకం, తోక ఎలా బిగించారు, ఒర దేనితో చేశారు, అంచు పదును పెట్టారా లేదా. ఈ వివరాలు రాతపూర్వకంగా తెప్పించుకోండి. పిడి చివర, ఒర నోరు, ఒర కింది కొన, ఈ మూడు చోట్ల దగ్గరగా తీసిన ఫొటోలు అడగండి. చేతిపని ఎంత శుభ్రంగా ఉందో అక్కడే తెలిసిపోతుంది.

ఒర గురించి ప్రత్యేకంగా అడగమనడానికి కారణం ఉంది. ఐరోపా ఖండంలోని లా టెన్ ఒరలు రెండు లోహపు రేకులు, ఒకదాని అంచు రెండోదాని మీదికి మడిచినవి. దాని బదులు నల్ల తోలు ఒర ఇస్తున్నారంటే ఖర్చు తగ్గించుకున్నారు. ధరలో ఆ తేడా తగ్గిందో లేదో చూడండి.

తుప్పు పట్టిన ఇనుప కడ్డీని చూపించి నిజమైన కెల్టిక్ కత్తి అని అమ్మేవాళ్లూ ఉన్నారు. యాసిడ్ పోసి మట్టిలో పాతిపెడితే కొత్త ఇనుము కూడా కొన్ని నెలల్లో వెయ్యేళ్లదిలా కనిపిస్తుంది. ఒకవేళ నిజంగా అసలుదే అయితే, ఏ దేశం నుంచి ఏ అనుమతితో బయటికొచ్చిందనే కాగితాలు లేకుండా ముట్టుకోవడం ఇంకా ప్రమాదం. నకళ్లతోనే ఉందాం.

మనదేశంలో ఉండేవాళ్లకు ఒక సంగతి. యూరప్, అమెరికా దుకాణాల్లో కనిపించే చారిత్రక కత్తుల నకళ్లలో చాలా భాగం డెహ్రాడూన్, మీరట్‌లలోనే తయారవుతాయి. డెహ్రాడూన్‌లోని విండ్లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్, మీరట్‌లోని డీపీకా ప్రపంచమంతటికీ పంపే సంస్థలు. విదేశీ సైట్‌లో డాలర్లు కట్టే ముందు అదే వస్తువు ఇక్కడ దొరుకుతుందేమో చూడండి. దిగుమతి తలనొప్పి కూడా తప్పుతుంది.

ఆరో అడుగు: చట్టం

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నిబంధనలు దీనికి వర్తిస్తాయి. 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి, ఇంటి పనికీ సేద్యానికీ వాడేవి తప్ప. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో వాటిని దగ్గర పెట్టుకోడానికి లైసెన్సు కావాలి. ఆయుధాన్ని విదేశం నుంచి తెప్పించుకోడానికీ లైసెన్సు కావాలి. బొమ్మగా తప్ప వాడలేనివి, పనికొచ్చే ఆయుధంగా మార్చలేనివి మాత్రం ఈ నిర్వచనంలోకి రావు.

చిక్కు ఇక్కడే ఉంది. చెక్కతోనో రెజిన్‌తోనో చేసిన నకలుతో ఏ టెన్షనూ లేదు. కార్బన్ స్టీలు కత్తికి పదును పెట్టకపోయినా, రేపు ఎవరైనా సాన పట్టొచ్చు కదా! కాబట్టి 'పదును లేదు సార్' అని అమ్మేవాడు చెప్పిన మాట మీకు రక్షణ అనుకోకండి. కొనే ముందే మీ పోలీస్ స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి, బిల్లు జాగ్రత్తగా పెట్టుకోండి. ఊరేగింపుల్లో, పెళ్లి ఫొటోషూట్లలో, రీల్స్ కోసం వీధిలో తిప్పడం లాంటివి అస్సలు వద్దు.

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకు, 50 సెంటీమీటర్లు, అంతకు మించిన వంపు కత్తుల అమ్మకం మీద 2008 నుంచి నిషేధం ఉంది. కెల్టిక్ కత్తులు నిటారువి కాబట్టి అందులోకి రావు. అయినా 18 ఏళ్లు నిండినవారికే అమ్ముతారు. అమెరికాలో రాష్ట్రానికో రూలు, మీ రాష్ట్రం చట్టం చూసుకోండి.

ఏడో అడుగు: పార్సిల్ విప్పినప్పుడు

విప్పుతున్నప్పుడు వీడియో తీయండి, తర్వాత వాదనకు పనికొస్తుంది. పిడి పట్టుకుని మెల్లగా కదిపితే లోపల గలగలమనకూడదు. అలుగును కంటి ముందు పెట్టి పిడి నుంచి మొనదాకా చూడండి, వంకర ఉంటే తెలిసిపోతుంది. ఒరలోకి దించి తలకిందులు చేయండి, దానంతటది జారిపడిపోకూడదు, అలాగని బలంగా లాగాల్సి రాకూడదు. కింద పరుపు వేసుకుని చేయండి ఈ పని. ఫ్యాక్టరీ నుంచి వచ్చే జిడ్డు గ్రీజును మెత్తటి గుడ్డతో తుడిచి, వెంటనే నూనె రాయండి.

ఎనిమిదో అడుగు: గోడకు

ఇటుక గోడ అయితే డ్రిల్లు చేసి ప్లాస్టిక్ ప్లగ్గులు, స్క్రూలు. అమెరికా ఇళ్ల జిప్సం గోడ అయితే లోపలి చెక్క దూలం ఎక్కడుందో వెతికి దానికే బిగించాలి. పిల్లల చేయి అందని ఎత్తు, మంచం మీదా సోఫా మీదా కాని చోటు. వంటింటి ఆవిరి, ఏసీ నీటి చెమ్మ, నేరుగా ఎండ తగలకూడదు.

కత్తినీ ఒరనూ విడివిడిగా, ఒకదాని కింద ఒకటి పెడితే బాగుంటుంది, ఎందుకంటే అలంకారమంతా ఒర మీదే ఉంటుంది. వేలాడదీసే కొక్కెం ఉన్న వైపు వెనక, చెక్కడం ఉన్న వైపు ముందు. గాల్ వీరులు కత్తిని గొలుసుతో కుడి పక్కన వేలాడదీసేవాళ్లని గ్రీకు రచయితలు రాశారు. అందుకే గోడకు కాకుండా మనిషి బొమ్మకు తగిలించి పెట్టేవాళ్లు మన రాజుల బొమ్మల్లోలాగా ఎడమ నడుముకు కట్టకండి. యార్క్‌షైర్ కత్తుల సంగతి ఇంకా వింత. వాటి ఒర మీద కొక్కెం నడిమధ్యలో ఉంటుంది. అక్కడే దొరికిన చిన్న సుద్దరాతి బొమ్మల్లో కత్తి వీపు మీద ఉంది. కిర్క్‌బర్న్ నకలు కొన్నవాళ్లు బొమ్మ పెడితే వీపుకే కట్టాలి.

తొమ్మిదో అడుగు: తుప్పు నుంచి కాపాడుకోవడం

విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో కార్బన్ స్టీలుకు వానాకాలంలో నెలకోసారైనా తుడుపు అవసరం. హైదరాబాద్‌లో అంత అవసరం లేదు. అలుగును ఒట్టి చేత్తో ముట్టుకుంటే చెమటలోని ఉప్పుకి వేలిముద్ర ఆకారంలోనే తుప్పు వస్తుంది, నూలు గ్లౌజులు వాడండి. కుట్టుమిషన్ నూనె పలచగా రాస్తే చాలు. కొబ్బరినూనె, వంటనూనెలు వద్దు, కొన్నాళ్లకు జిగురై దుమ్ము పట్టేస్తాయి. ఎప్పుడూ గోడ మీదే ఉండే కత్తికి నూనె కన్నా మైనం మేలు. మ్యూజియంలవాళ్లు వాడే రెనసాన్స్ వ్యాక్స్ బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలోనే పుట్టింది. ఒక చిన్న డబ్బా కొంటే ఏళ్లు వస్తుంది.

ఇత్తడి, కంచు భాగాలు నల్లబడ్డాయని చింతపండుతో తోమకండి. ఆ పులుపు రేకుల సందుల్లో ఉండిపోయి లోపలి ఇనుమును తింటుంది. పైగా ఆ నల్లదనమే నకలుకు వయసు తెచ్చేది. ఎర్ర గాజు అని చెప్పేది చాలా నకళ్లలో రెజిన్ రంగు, నెయిల్ పాలిష్ రిమూవర్ తగిలితే పోతుంది. తోలు ఒర ఇచ్చి ఉంటే కత్తిని అందులో నిల్వ ఉంచకండి, తోలు చెమ్మ పీల్చి అలుక్కి అంటిస్తుంది.

దసరాకు ఆయుధపూజ చేస్తే తడి పసుపు కుంకుమలు అలుగు మీద కాకుండా స్టాండు చెక్క మీద పెట్టండి. పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే పూజ అయ్యాక ఆ సాయంత్రమే తుడిచి నూనె రాయండి, తెల్లారేదాకా ఉంచితే మచ్చ పడుతుంది.

ఆఖరుగా ఒక చిన్న కార్డు రాసి కత్తి పక్కన పెట్టండి: అసలు కత్తి ఎక్కడ దొరికింది, ఏ కాలానిది, ఇప్పుడు ఏ మ్యూజియంలో ఉంది, ఈ నకలు ఎవరు చేశారు, పిడిలో ఏది ఊహ. బిల్లు, అమ్మేవాడు రాసిచ్చిన వివరాలు, పార్సిల్ వీడియో ఒక ఫోల్డర్‌లో దాచండి. రేపు అమ్మదలచుకున్నా, పోలీసులు అడిగినా, కొనబోయేవాడు 'ఇది ఏ కత్తికి నకలు?' అన్నా చూపించాల్సింది ఆ కాగితాలనే.